పండుగప్పకి లూర్ హుక్స్ మార్చాలి: 4ఎక్స్ ట్రెబులా, సింగిలా?

తిప్పమీద_రాజు (యానాం)

అందరికీ నమస్కారం. యానాం–ఎదుర్లంక వంతెన చుట్టుపక్కల పాటు తీసే (నీళ్ళు సముద్రంలోకి తగ్గే) టైములో పండుగప్పకి లూర్ (బొమ్మ ఎర) వేస్తుంటాను. 7 అడుగుల మీడియం హెవీ రాడ్, 4000 సైజు రీల్, 30 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైను), 40 పౌండ్ల లీడర్ (లూర్ ముందు కట్టే లైను ముక్క). లూర్ వచ్చేసి 12 సెంటీమీటర్ల సస్పెండింగ్ మిన్నో (చిన్న చేప ఆకారంది), బరువు 20 గ్రాములు. పొట్ట కింద ఒకటి, తోక దగ్గర ఒకటి, రెండూ నెం. 4 ట్రెబుల్స్ (మూడు ముళ్ళ హుక్స్), కంపెనీ నుంచి వచ్చినవే.

మొన్న మంచి చేప పట్టి స్తంభం వైపు లాగింది. డ్రాగ్ (రీల్ బ్రేకు) బిగించి ఆపుతుంటే లైను ఒక్కసారిగా వదులైంది. లీడర్ తెగలేదు, ముడి ఊడలేదు. లూర్ చూస్తే పొట్ట ట్రెబుల్లో రెండు ముళ్ళు చాచుకుని ఉన్నాయి, మూడోది ఉన్నది ఉన్నట్టే ఉంది. ఫోటో పెట్టాను.

4ఎక్స్ (బాగా మందం వైరుతో చేసిన) ట్రెబుల్స్ వేసేద్దామనుకుంటున్నా. సింగిల్ హుక్స్ వేయమని ఇంకో ఫ్రెండ్ అంటున్నాడు. ఏది వేయాలి, ఏ సైజు?

గోదారి గాలం (అమలాపురం)

ఇందులో ఆలోచించడానికేముంది తమ్ముడూ. ఓనర్ కంపెనీ 4ఎక్స్ ట్రెబుల్, ఎస్‌టీ-66 వేసెయ్. వంగదు, విరగదు. రేటు కొంచెం మంటే గానీ పోయిన చేపతో పోలిస్తే ఎంత?

టాకిల్ డబ్బా (హైదరాబాద్)

+1. నేనూ అదే వాడతా.

స్ప్లిట్‌రింగ్ (విశాఖ)

గోదారి గాలం గారూ, మీ 50 పౌండ్ల సెటప్‌కి ఎస్‌టీ-66 సరే. రాజు చేతిలో ఉన్నది ఆ రాడ్ కాదు కదండీ.

రాజూ, నువ్వు పెట్టిన ఫోటోలోనే సగం జవాబు ఉంది. మూడు ముళ్ళలో రెండే చాచుకున్నాయి. ఉత్త బరువుకి తెరుచుకుంటే సాధారణంగా లాగుడు పడిన ముల్లు ఒక్కటే వంగుతుంది. ఇక్కడ ఒక ముల్లు దవడ లోపల, ఇంకోటి బయట చెంప మీద దిగి ఉంటాయి. చేప తల విదిలించిన ప్రతిసారీ ఆ రెండూ ఒకదాన్నొకటి ఎదురు తోస్తాయి. దానికి తోడు 12 సెంటీమీటర్ల లూర్ ఒళ్ళు గునపంలా పనిచేసి మీటుతుంది. అందుకే ట్రెబుల్ తెరుచుకోవడానికి అంత పెద్ద చేప కూడా అక్కర్లేదు, రెండు ముళ్ళు చెడ్డ చోట దిగితే చాలు.

ఇక బలం సంగతి. 30 పౌండ్ల బ్రెయిడ్ మీద డ్రాగ్ మూడో వంతు దాటి పెట్టం. అంటే 10 పౌండ్లు, నాలుగున్నర కిలోలు. స్తంభం దగ్గర స్పూల్ చేత్తో పట్టి ఆపినా 7, 8 కిలోలు దాటి లాగడం ఆ రాడ్‌తో కష్టం. దీనికి 4ఎక్స్ అవసరం లేదు. పైగా వైరు మందమయ్యే కొద్దీ అది దిగడానికి గట్టి ఊపు కావాలి. 30 మీటర్ల దూరంలో, పాటు నీటికి లైను వంపు తిరిగి ఉండగా, మీడియం హెవీ రాడ్ కొస వంగిపోతూ ఉంటే 4ఎక్స్ ముల్లు బార్బ్ (కొస వెనకుండే ఎదురు ముల్లు) దాకా దిగదు. కొస మాత్రం గుచ్చుకుంటుంది, చేప ఎగిరి తల ఊపగానే లూర్ మన వైపు ఎగిరొస్తుంది. హుక్ తెరుచుకుని పోయిన చేప ఒకటైతే, మందం హుక్ దిగక పోయే చేపలు ఎన్నో. అవి పోయాయని మనకి తెలియను కూడా తెలియదు, "ముట్టుకుని వదిలేసింది" అనుకుంటాం.

ఓనర్ నెంబర్లు చాలామంది కలిపేస్తుంటారు: ఎస్‌టీ-36 మామూలు వైరు, 41 అంటే 2ఎక్స్, 56 అంటే 3ఎక్స్, 66 అంటే 4ఎక్స్. ఇంకో కంపెనీ 4ఎక్స్ కూడా అదే మందం ఉండాలని రూలేమీ లేదు. ఎవరి మామూలు వైరుతో వాళ్ళు పోల్చుకుని పెట్టుకున్న గుర్తు అది. ప్యాకెట్ మీద అంకె చూసి మోసపోకు, రెండు హుక్స్ పక్కపక్కన పెట్టి కళ్ళతో చూడు.

నా ఓటు 2ఎక్స్ ట్రెబుల్, లేకపోతే ఇన్‌లైన్ సింగిల్ (లూర్‌కి నిటారుగా వేలాడేలా చేసిన ఒంటి ముల్లు హుక్). కానీ ఏది వేసినా ముందు తూకం వేయాలి. నీది సస్పెండింగ్ లూర్.

తిప్పమీద_రాజు (యానాం)

తూకం అంటే? హుక్ ఎంత బరువుంటుంది అన్నా, గ్రామో గ్రామున్నరో. దానికే లూర్ మునిగిపోతుందా?

స్ప్లిట్‌రింగ్ (విశాఖ)

మునిగిపోతుంది. సస్పెండింగ్ లూర్ అంటే లాగడం ఆపగానే పైకి తేలకుండా, కిందికి దిగకుండా అక్కడే నిలబడాలి. పండుగప్ప చాలాసార్లు కొట్టేది ఆ ఆగిన క్షణంలోనే. కంపెనీ వాళ్ళు ఆ లూర్‌ని ఒక బరువు హుక్స్‌కి లెక్కగట్టి చేస్తారు. అరగ్రాము అటూ ఇటూ అయినా తేడా కంటికి కనిపిస్తుంది. బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతుంది, 0.01 గ్రాము దాకా చూపిస్తుంది. పాత రెండు హుక్స్, వాటిని లూర్‌కి తగిలించే రెండు రింగులు కలిపి ఒకసారి, కొత్తవి కలిపి ఒకసారి తూచు.

ఫ్లోటింగ్ లూర్‌కి ఇంత పట్టింపు లేదు. పాపర్‌కి (నీటి పైన చిమ్ముతూ వచ్చే లూర్‌కి) మాత్రం తోక హుక్ బరువు ముఖ్యం. అది పెరిగితే తోక కిందికి కుంగి, మూతి పైకి లేచి, లాగినప్పుడు నీళ్ళు చిమ్మే తీరు మారిపోతుంది.

నీటిమట్టం (రాజమండ్రి)

నేను ఫిజిక్స్ చెప్పుకుని బతికేవాణ్ణి, చేపల సంగతి మీకే ఎక్కువ తెలుసు. ఈ తూకం లెక్కలో ఒక మెలిక ఉంది, అది చెప్పి పోతాను.

మంచినీళ్ళు లీటరు కిలో. సముద్రపు నీళ్ళు లీటరు దాదాపు 1.025 కిలోలు. 20 గ్రాముల లూర్ మంచినీళ్ళలో నిలబడుతోందంటే 20 మిల్లీలీటర్ల నీటిని పక్కకి నెడుతోందని అర్థం. దాన్నే సముద్రంలో వేస్తే నెట్టే నీటి బరువు 20.5 గ్రాములు. అంటే హుక్స్ ముట్టుకోకుండానే అరగ్రాము పైకి తేలే బలం వచ్చేసింది. దాన్ని చంపాలంటే అరగ్రాము ఉక్కు చాలదు, ఎందుకంటే ఉక్కు బరువులో దాదాపు ఎనిమిదో వంతు నీళ్ళే మోస్తాయి. 0.57 గ్రాముల దాకా కలపాలి.

యానాం దగ్గర గౌతమి నీళ్ళు ఏడాదంతా ఒకేలా ఉండవు కదా. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఎర్రనీరు (వరద నీరు) దిగితే అక్కడ మంచినీళ్ళే. ఏప్రిల్, మే నెలల్లో పోటు పూర్తిగా ఎక్కినప్పుడు దాదాపు సముద్రమే. కాబట్టి మీ లూర్‌కి "సరైన హుక్ బరువు" అని ఒక్కటే అంకె ఉండదు.

బకెట్ పరీక్ష చేసేవాళ్ళు లీటరుకి 35 గ్రాముల ఉప్పు కలిపితే సముద్రపు నీటికి సరిపోతుంది. కుళాయి నీళ్ళలో చూసి సముద్రంలో వేస్తే లెక్క తప్పుతుంది.

గోదారి గాలం (అమలాపురం)

మాస్టారూ, ఇన్నేళ్ళుగా వరదల్లో ఈ లూర్ దిగిపోతోందేమిట్రా, ఎండాకాలం తేలిపోతోందేమిట్రా అని లూర్‌నే తిట్టుకుంటున్నాం.

డార్విన్ బావ (ఆస్ట్రేలియా)

ఇక్కడ బర్రాముండి అని జనం వెర్రెత్తిపోయేది మన పండుగప్ప కోసమే, ఒకటే జాతి. మాది నెల్లూరు, డార్విన్‌లో ఉంటున్నా. ఇక్కడ కొత్త లూర్ కొన్నవాడు ముందు చేసే పని హుక్స్, రింగులు విప్పేయడం. బర్రా లూర్లని ఇప్పుడు కొన్ని కంపెనీలు గట్టి హుక్స్‌తోనే అమ్ముతున్నాయి గానీ, మంచినీటి బాస్ చేప కోసం చేసిన లూర్లకి తప్పనిసరిగా మార్చాలి.

ఎందుకో చెప్తా. పండుగప్ప కొరకదు, పీల్చుకుంటుంది. నోరు ఒక్కసారిగా తెరిచి నీళ్ళతో సహా లూర్‌ని లోపలికి గుంజి మూసేస్తుంది. ఆ శబ్దం చీకట్లో వింటే ఒళ్ళు జలదరిస్తుంది. లూర్ మొత్తం నోట్లో ఉండగా దవడలు మూసుకుంటే పలచటి ట్రెబుల్ అక్కడే నలిగిపోతుంది, లాగి వంచక్కర్లేదు. స్ప్లిట్‌రింగ్ చెప్పిన మీటుడు దానికి అదనం.

అయితే ఇక్కడివాళ్ళు 4ఎక్స్ వాడేది 40, 50 పౌండ్ల బ్రెయిడ్‌తో, పొట్టి గట్టి బెయిట్‌కాస్టర్ రాడ్లతో. ఆ ఫోటోలు చూసి 30 పౌండ్ల సెటప్ మీద అదే వేయడం దండగ. నేను తేలిక సెటప్‌తో వెళ్ళినప్పుడు ఇన్‌లైన్ సింగిల్సే వేస్తా. ఒకే ముల్లు, మంచి మందం వైరు, పెద్ద గేప్ (కొసకీ కాడకీ మధ్య సందు). అదే బరువులో ట్రెబుల్ కంటే చాలా గట్టిది దొరుకుతుంది. ఒత్తిడంతా ఒక్క కొస మీదే పడుతుంది కాబట్టి దిగడం కూడా సులువు. మొదటి కొట్టుడుకి తగలడం కొంచెం తగ్గుతుంది, ఒప్పుకుంటా. తగిలాక ఊడటం మాత్రం బాగా తగ్గుతుంది.

ఇంకో మాట. ఇక్కడ నీళ్ళ అంచున మోకాళ్ళ మీద కూర్చుని ట్రెబుల్ తీసే తీరిక ఉండదు, మొసళ్ళుంటాయి. సింగిల్ అయితే ప్లయర్‌తో ఒక్క తిప్పు, చేప నీళ్ళలో.

గోదారి గాలం (అమలాపురం)

మేము నీళ్ళలోకి పంపం బావా, పులుసులోకి పంపుతాం.

డార్విన్ బావ (ఆస్ట్రేలియా)

మూడు కిలోలది పులుసులోకి పంపండి, నేనూ వస్తా. 10 కిలోలది దొరికితే ఆలోచించండి. పండుగప్ప మొదట మగగా పెరిగి, పెద్దయ్యాక ఆడగా మారుతుంది. అంటే బాగా పెద్దవన్నీ దాదాపు గుడ్లు పెట్టే తల్లులే. క్వీన్స్‌లాండ్‌లో 58 సెంటీమీటర్ల లోపువీ, 120 దాటినవీ ఉంచుకోనివ్వరు. మన దగ్గర అలాంటి రూలు లేకపోయినా, వదలాలనుకున్నవాడికి ట్రెబుల్ అడ్డం. ఒకటి నోట్లో, ఇంకోటి మొప్పలో దిగితే ఆ చేప బతకదు.

కొత్తగా చేరా (తణుకు)

చిన్న డౌట్ అండి, నవ్వకండి. నెం. 6 పెద్దదా, నెం. 2 పెద్దదా? 1, 1/0 రెండూ ఒకటేనా?

గోదారి గాలం (అమలాపురం)

నవ్వడమెందుకు, అందరం అడిగిన ప్రశ్నే. 1 దాకా అంకె తగ్గేకొద్దీ హుక్ పెద్దది: 8, 6, 4, 2, 1. ఆ తర్వాత 1/0, 2/0, 3/0 అని మళ్ళీ పెరుగుతుంది. 1, 1/0 ఒకటి కాదు, 1/0 ఒక మెట్టు పెద్దది. కానీ ఒక కంపెనీ నెం. 4 ఇంకో కంపెనీ నెం. 4 ఒకే కొలత ఉండవు. షాపుకి వెళ్తే పాత హుక్ జేబులో వేసుకెళ్ళండి, పక్కన పెట్టి కొనండి.

కొర్రమట్ట (కరీంనగర్)

అన్నలూ, మీ పండుగప్ప ముచ్చట మంచిగనే ఉన్నది గని మాకు లోయర్ మానేరుల గడ్డి, తామరాకులు. ట్రెబుల్ ఏస్తే గడ్డి వస్తది, చేప రాదు. కొర్రమట్టకు కప్ప లూరే నడుస్తది. ఆ కప్పకున్న డబుల్ హుక్ మొండిగైతే మార్చొచ్చా, లేకుంటే కప్పనే పారేయాల్నా? మస్తు సార్లు ఎగిరి కొడ్తది, హుక్ మాత్రం తాకది.

స్ప్లిట్‌రింగ్ (విశాఖ)

మార్చొచ్చు తమ్ముడూ, అన్నిటికీ కాదు. మెత్తటి బోలు కప్పలో డబుల్ హుక్ కాడ ఒంట్లోంచి దూరి ముక్కు దగ్గర హుక్ కన్ను (లైను కట్టే కంత) బయటికొస్తుంది. లోపల బరువుని జిగురుతో అంటించకపోతే కప్పని వేడినీళ్ళలో కాసేపు మెత్తబరిచి హుక్ ముందుకి తోసి తీయొచ్చు. కొత్తది అదే కాడ పొడవు, అదే వెడల్పు ఉండాలి. అది కుదరకపోతే ముళ్ళు వీపుకి ఆనవు, ఆకుకి తగులుకుంటాయి. తోక దగ్గర రింగుకి హుక్ వేలాడే రకం జంప్ ఫ్రాగ్ అయితే అసలు గొడవే లేదు, రింగు విప్పి మార్చేయడమే.

కొట్టినా తాకడం లేదంటే మార్చేముందు ఇది చూడు: ప్లయర్‌తో రెండు ముళ్ళనీ వెంట్రుకవాసి బయటికి, పైకి వంచు. ఎక్కువ వంచితే గడ్డి పడుతుంది. కొట్టగానే గుంజకు, కప్ప కనబడకుండా లోపలికి పోయాక, లైను బరువెక్కాక గట్టిగా ఊపు. కొర్రమీను నోరు ఎముక. అక్కడ 30 పౌండ్లు కాదు, 50 పౌండ్ల బ్రెయిడ్, గట్టి రాడ్ ఉంటాయి కాబట్టి మందం హుక్ నీకు సరిపోతుంది. రాజుకి వద్దన్నది నీకు పనికొస్తుంది, చూశావా.

కొర్రమట్ట (కరీంనగర్)

గిది చెప్పిండ్రు సూడు అన్నా, సమజైంది. మొన్ననే రెండు కప్పలు పారేసిన.

భీమిలి తెప్ప (భీమునిపట్నం)

ఒరే బాబులూ, అందరూ పండుగప్ప పండుగప్ప అంటన్నారు. కోనెం సంగతి చెప్పండి ఎవరైనా. మీరు వంజరం అంటారు. దాని పళ్ళు కత్తెర. మొదటి దెబ్బకి ఎరచేప తోక కొట్టేత్తది, అది ఈదలేకపోతే రెండోసారి వచ్చి తింటది. మీరు లూర్ తోకకి సింగిల్ పెడితే తోక కొరికి పోతది, మీకు రంగు చెక్కు మిగుల్తది. దానికి తోక దగ్గర ట్రెబులే ఉండాల. పొట్ట కింద ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు. లీడర్ బదులు తీగ పెట్టాల, లేకపోతే లూర్ కూడా దక్కదు.

పార చేపకి ఉల్టా. పెద్ద పార దవడ గట్టిది, తగిలితే రాయి కిందకి దూరిపోతది. దానికి మందం సింగిలే నయం.

ఇంకో మాట. మీరంతా ఎక్స్‌లూ సైజులూ అంటన్నారు, తుప్పు మాట ఎవరూ ఎత్తలేదు. మా ఇంట్లో తాతల కాలం నించి గాలం అంటే మస్టాడ్, నార్వే సరుకు. సముద్రానికి తెల్ల పూతది కొనేవారు, నల్లది ఏటికి. ఇప్పటి కుర్రోళ్ళు మెరుస్తాదని నల్లది కొని ఉప్పునీళ్ళలో ముంచి అలాగే డబ్బాలో పడేత్తారు. ఒక్క హుక్ తుప్పు పడితే పక్క లూర్లన్నింటికీ మరక.

స్ప్లిట్‌రింగ్ (విశాఖ)

బాబాయ్ చెప్పింది అక్షరాలా నిజం. ఆ తెల్ల పూత టిన్. బ్లాక్ నికెల్, బ్రాంజ్ మంచినీళ్ళకి బాగుంటాయి, ఉప్పులో త్వరగా పోతాయి. స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదు కదా అని కొంతమంది అడుగుతారు. అది హై కార్బన్ ఉక్కు కంటే మెత్తన, కొస త్వరగా మొద్దుబారుతుంది. లైను తెగి చేప నోట్లో ఉండిపోతే కరగదు, రాలదు.

ఇంటికి రాగానే లూర్లని మంచినీళ్ళలో ముంచి, రింగుల సందుల్లో నీళ్ళు విదిలించి, గాలికి ఆరబెట్టాకే డబ్బాలో పెట్టాలి. తుప్పు మొదలయ్యేది హుక్ కొస దగ్గర, రింగు సందులో. ఆకురాయితో నూరిన కొస అయితే మరీ తొందరగా, ఎందుకంటే నూరితే పూత పోతుంది. ఇప్పటి కెమికల్ షార్ప్ (రసాయనంతో పదును పెట్టిన) హుక్స్‌ని నూరే కంటే మార్చడం మేలు. బొటనవేలి గోరు మీద కొస ఆనించి తేలిగ్గా జరుపు. గీత పడి ఆగితే బాగున్నట్టు, జారిపోతే మార్చాల్సిందే.

టాకిల్ డబ్బా (హైదరాబాద్)

నకిలీల గురించి కూడా చెప్పాలి. పేరున్న కంపెనీ ప్యాకెట్ అచ్చం అలాగే ఉండి సగం రేటుకి వస్తే అనుమానించండి. నాకు ఒక ఆన్‌లైన్ షాపు నుంచి అలాంటివి వచ్చాయి, చేత్తో లాగితేనే తెరుచుకున్నాయి. గుర్తుపట్టడం కష్టం కాదు. ట్రెబుల్ అంటే చాలావరకు ఒక డబుల్ హుక్‌కి ఒక సింగిల్ కలిపి కాడ దగ్గర బ్రేజింగ్ చేసింది. ఆ అతుకు చూడండి. అసలుదానిలో సన్నగా, సమంగా పారి ఉంటుంది. నకిలీలో ముద్దలు ముద్దలుగా, అక్కడక్కడా సందు వదిలి ఉంటుంది. పై నుంచి చూస్తే మూడు ముళ్ళూ సమాన దూరంలో ఉండాలి, అవీ ఉండవు. కన్ను పూర్తిగా మూసుకోని హుక్ అయితే ఇంక చూడక్కర్లేదు, వెనక్కి పంపేయండి.

తిప్పమీద_రాజు (యానాం)

ఒక్క ప్రశ్నకి ఇన్ని వస్తాయనుకోలేదు. కాటా తెప్పించా. కంపెనీ ట్రెబుల్స్ తీసి రెండూ 2ఎక్స్ వేస్తే బరువు అరగ్రాము పైచిలుకు పెరిగింది. రెండూ సింగిల్స్ (1/0) వేస్తే దాదాపు అరగ్రాము తగ్గింది. మాస్టారు చెప్పినట్టు రెండు బకెట్లు పెట్టా, ఒకటి కుళాయి నీళ్ళు, ఒకటి ఉప్పు కలిపినవి.

కంపెనీ హుక్స్: కుళాయి నీళ్ళలో నిలబడింది, ఉప్పునీళ్ళలో మెల్లగా పైకొచ్చింది.
రెండూ 2ఎక్స్: కుళాయి నీళ్ళలో మెల్లగా అడుక్కి, ఉప్పునీళ్ళలో నడుమ ఆగింది.
రెండూ సింగిల్స్: రెండింట్లోనూ పైకే.
పొట్టకి 2ఎక్స్, తోకకి సింగిల్: కుళాయి నీళ్ళలో నిలబడింది గానీ ముక్కు కిందికి, తోక పైకి వాలింది.

అమ్మ చూసి బకెట్లో బొమ్మలాటేమిట్రా అని తిట్టింది.

నీటిమట్టం (రాజమండ్రి)

అమ్మగారికి ప్రాక్టికల్స్ అని చెప్పండి. లెక్క ఎలా ఉండాలో అలాగే వచ్చింది.

స్ప్లిట్‌రింగ్ (విశాఖ)

భేష్. ఎండాకాలం ఉప్పు నీళ్ళకి రెండూ 2ఎక్స్, ఎర్రనీటి రోజుల్లో పొట్టకి 2ఎక్స్, తోకకి సింగిల్. ముక్కు కొంచెం వాలడం తప్పేం కాదు, ఆగినప్పుడు ఎరచేప అడుక్కి చూస్తున్నట్టుంటుంది. మరీ ఎక్కువగా వాలితే తోక సింగిల్ కాడకి టంకం తీగ రెండు చుట్లు చుట్టు, బకెట్లో చూసుకుంటూ కత్తిరించు.

హుక్స్ ఎక్కించాక ఇంకో పరీక్ష. పొట్ట హుక్‌ని వెనక్కి, తోక హుక్‌ని ముందుకి లాగి పట్టుకో. కొసలు ఒకదానికొకటి తగలకూడదు. తగిలితే విసిరినప్పుడు గాల్లోనే చిక్కుకుంటాయి. పొట్ట హుక్ ముందుకి తిప్పితే లైను కట్టే కన్ను దాకా అందకూడదు, అందితే లీడర్‌ని పట్టేస్తుంది. సైజు పెంచాలని ఉండి కొసలు తగులుతుంటే కాడ పొట్టిగా ఉండే ట్రెబుల్ చూడు.

అసలైనది మర్చిపోయా. లూర్ లోపల తల నుంచి తోక దాకా ఒకే తీగ ఉందా, లేక కన్నులు మర బిగించినవా? మర బిగించిన లూర్‌కి హుక్, రింగు ఎంత గట్టివి వేసినా చివరికి ఊడేది ఆ కన్నే. అప్పుడు హుక్స్‌తో సహా చేప పోతుంది. నీ సెటప్‌కి 2ఎక్స్ దాటొద్దనడానికి అది ఇంకో కారణం.

తిప్పమీద_రాజు (యానాం)

పారదర్శకం రంగు లూర్ కాబట్టి కనిపిస్తోంది అన్నా, లోపల తీగ ఉంది. రింగులు ఏ సైజు వేయాలి? పాతవి గోటితోనే తెరుచుకుంటున్నాయి.

స్ప్లిట్‌రింగ్ (విశాఖ)

గోటితో తెరుచుకునేది రింగు కాదు, పారేయ్. ప్యాకెట్ మీద పౌండ్లు రాసి ఉంటాయి, నీ లీడర్ కంటే ఎక్కువ ఉన్నది తీసుకో. సైజు మాత్రం హుక్ అటూ ఇటూ స్వేచ్ఛగా తిరిగేంత ఉంటే చాలు, పెద్దది వేస్తే బరువూ పెరుగుతుంది, హుక్ కాడ రింగులోకి ఎక్కి ఇరుక్కుంటుంది. రింగు ప్లయర్ ఒకటి కొనుక్కో, కత్తి మొనతో మాత్రం తెరవకు.

వలస పక్షి (కాకినాడ)

హాస్పిటల్లో పనిచేస్తాను కాబట్టి ఒక్క మాట. ట్రెబుల్ గుచ్చుకుని వచ్చేవాళ్ళలో చాలామందికి రెండో ముల్లు చేప నోట్లో ఉండగానే మొదటిది చేతిలో దిగి ఉంటుంది. చేప ఎగిరిన కొద్దీ చెయ్యి చీరుకుంటుంది. వైరు కత్తిరించే గట్టి కట్టర్ ఒకటి సంచిలో ఉంచుకోండి. ముందు చేపనీ లూర్‌నీ చేతి నుంచి విడగొట్టండి, తర్వాత తక్కిన సంగతి. కంటి దగ్గర, వేలి కణుపు దగ్గర, లోతుగా దిగితే మీరు లాగకండి, వచ్చేయండి. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోయినా వచ్చేయండి. బార్బ్‌ని ప్లయర్‌తో నొక్కేసిన హుక్ అయితే నిమిషంలో వస్తుంది.

గోదారి గాలం (అమలాపురం)

బార్బ్ నొక్కితే చేప ఊడదా అండీ?

డార్విన్ బావ (ఆస్ట్రేలియా)

లైను వదులు కానివ్వకపోతే ఊడదు. పండుగప్ప గాల్లోకి ఎగిరినప్పుడు రాడ్ కొస కిందికి, నీళ్ళ వైపు వంచి లైను బిగువుగా ఉంచాలి, అది బార్బ్ ఉన్నా చేయాల్సిందే. పూర్తిగా నొక్కడం భయమైతే సగం నొక్కండి. సింగిల్ మీద నేను అలాగే చేస్తా.

తిప్పమీద_రాజు (యానాం)

సరే, ఇప్పటికి తోకకి సింగిల్, పొట్టకి 2ఎక్స్‌తో మొదలుపెడతా. సింగిల్ కొస ఎటు తిరగాలి? షాపులో ఇచ్చిన సింగిల్ వేస్తే లూర్‌కి అడ్డంగా పడుకుంటోంది.

డార్విన్ బావ (ఆస్ట్రేలియా)

అది ఇన్‌లైన్ కాదు, మామూలు సింగిల్. దాని కన్ను మామూలుగా లైను కట్టుకునే తీరులో ఉంటుంది, ఒక్క రింగుతో వేలాడదీస్తే కొస పక్కకి తిరుగుతుంది. ఇన్‌లైన్ సింగిల్‌లో కన్ను దానికి అడ్డం తిప్పి చేస్తారు, కొంచెం పెద్దగా కూడా ఉంటుంది. రెండో రింగు కలిపితే మామూలుది కూడా నిటారుగా నిలబడుతుంది గానీ, హుక్ అంత మేర కిందికి దిగి రెండో హుక్‌కి తగలొచ్చు, బరువూ పెరుగుతుంది. మార్చి తెచ్చుకో.

తోక సింగిల్ కొస పైకి ఉండాలి. ఎప్పుడైనా పొట్టకి కూడా సింగిల్ వేస్తే దాని కొస ముందుకి, లూర్ మూతి వైపు. సైజుకి గుర్తు: కొసకీ కాడకీ మధ్య సందు లూర్ ఒంటి మందం కంటే తక్కువ కాకూడదు. తక్కువైతే ముల్లుకి లూరే అడ్డం పడుతుంది. నెం. 4 ట్రెబుల్ తీసిన చోట 1 గానీ 1/0 గానీ కూర్చుంటుంది. నువ్వు తూచింది 1/0 కాబట్టి ఇన్‌లైన్‌లో కూడా అదే అడుగు, తెచ్చాక మళ్ళీ తూచు.

భీమిలి తెప్ప (భీమునిపట్నం)

కోనెం వస్తే మాత్రం తోకకి ట్రెబులే. మళ్ళీ చెప్తన్నా.